కుట్టు కిందికి పోయిన మాటలు

బుధవారం, పొద్దున్న ఎనిమిది దాటింది

చిరంజీవి జిగురుపాపకి,

మీ నాన్న రెండు చేతులూ నీ నెత్తిన పెట్టి దీవించి రాసేది. ఇక్కడ మేం క్షేమం. నువ్వు కూడా క్షేమంగా ఉన్నావని తలుస్తాను అని ప్రతి ఉత్తరంలో చేతి అలవాటుకొద్దీ రాసేసేవాణ్ణి. ఈసారి తలవడం లేదు తల్లీ. నువ్వు క్షేమం. అంతే. కలం ఒత్తి రాశాను చూడు, కాగితం వెనక తడిమితే వేలికి తగులుతుంది.

ఇవాళ నాకున్న సంతోషం నీకు ఎలా చెప్పేది! అరవై ఏడేళ్ళొచ్చాయి, ఇంత సంతోషం నా పెళ్ళినాడు కూడా లేదు (ఈ ముక్క అమ్మకి చదివి వినిపించకు). నువ్వు పుట్టిననాడు ఉంది గానీ, నడివయసు దాటాక పుట్టావు కదా, ఆ రోజు సగం భయంతోనే గడిచిపోయింది. ఇవాళ్టిది కల్తీలేని సంతోషం. కాలు ఒకచోట నిలవడం లేదు. రెండు ముక్కలు రాయడం, లేచి పది అడుగులు తిరగడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. ఇక్కడ టీ పోసే ఆయన చూసి చూసి, పెద్దాయనా చీమలేమన్నా కుడుతున్నాయా అని అడిగాడు. అవునయ్యా, సంతోషం చీమలు, ఎర్రవాటికన్నా గట్టిగా కుడతాయి అన్నాను. ఏమనుకున్నాడో, అడక్కుండానే ఇంకో టీ ఇచ్చాడు.

ఆ సంతోషం ఏమిటో చివర్న చెప్తాను. ఇప్పుడే చెప్పేస్తే తక్కింది చదవవు. ముందే ఆఖరి కాగితం తిప్పి చూశావో, నామీద ఒట్టే. అలా తిప్పి చూసే రోగం నాది, నీకు అంటకూడదు. బల్ల ఒక కాలు పొట్టిది, అక్షరాలు వంకర పోతున్నాయి. సర్దుకో.

ముందు ఇంటి సంగతులు. అమ్మ బాగుంది. మోకాళ్ళ నొప్పులంటుంది గానీ, నాతో పోట్లాటకి లేచేటప్పుడు మోకాళ్ళు గుర్తుండవు. నీ గది కిటికీకి కొత్త గుడ్డ కట్టింది. పాతదానికేం వచ్చిందే అంటే, ఏమీ రాలేదు, చూసి చూసి విసుగొచ్చింది అంది. నీ మంచం మీది దుప్పటి వారానికోసారి ఉతుకుతుంది. పడుకునే మనిషి లేకుండా మాసేదేముంది అని నోరుజారాను. రెండు రోజులు మాట మానేసింది. ఇల్లు భలే ప్రశాంతంగా ఉందని మడతలత్తతో అన్నాను. ఆవిడ అది పొల్లుపోకుండా మోసుకెళ్ళి అమ్మకి అప్పజెప్పింది. ఇంకో రెండు రోజులు పెరిగింది.

మడతలత్త మారలేదు. పాతికేళ్ళుగా మన బైండింగ్ కొట్లో కూర్చుని కాగితాలు మడుస్తోంది, చేతులు కాగితం మీద, నోరు నా మీద. నువ్వు పాకే రోజుల్లో జిగురు గిన్నెలో చెయ్యి ముంచి, ఆ చేత్తో నా చొక్కా పట్టుకుంటే ఊడదీయలేక నానా అవస్థా పడ్డాం. జిగురుపాప అని నీకు పేరు పెట్టింది ఆవిడే. మొన్నామధ్య అంటుంది, ఇన్నేళ్ళూ పిల్లే నిన్ను అంటుకుందనుకున్నాను, చూడబోతే నువ్వే పిల్లని అంటించుకున్నావు, కాస్త వదిలి చూడు, ఊపిరాడుతుందేమో అని. ఎవరికి ఊపిరి అని అడగాల్సింది. అడక్కుండా నవ్వేశాను.

నా కుడికంటి పొర ఇంకాస్త ముదిరింది. సూదిలో దారం ఎక్కించాలంటే మడతలత్తనే బతిమాలుకోవాలి. దారంతో పాటు ఒక చీవాటు కూడా ఎక్కించి ఇస్తుంది. కంటి డాక్టరయితే, ఇంకా ఎన్నాళ్ళు నానుస్తావయ్యా అని కేకలేశాడు. నా కూతురు డాక్టరై వచ్చి తన చేత్తో చేస్తుంది, అందాకా ఆగుతాను అన్నాను కదా, ఆ ముచ్చట నీకు ఎన్ని ఉత్తరాల్లో రాశానో! మహా గొప్పగా రాశాను. ఆ గొప్ప మళ్ళీ కింద వస్తుంది, అక్కడ మాట్లాడదాం.

లేచి ఓ చుట్టు తిరిగొచ్చాను. ఎండ బల్లమీదకి వచ్చేసింది, నేనూ టీ ఆయనా కలిసి బల్ల జరుపుకున్నాం. ఇప్పుడు పొట్టికాలు నావైపు వచ్చింది.

ఇక అసలు సంగతికి వస్తాను. రాకుండా ఎంతసేపు తప్పించుకోను?

నెల కిందట మీ కోచింగ్ వాళ్ళు నా ఫోనుకి మెసేజీ పెట్టారు, మీ అమ్మాయిని ఒకటో బ్యాచ్ నుంచి మూడో బ్యాచ్‌కి మార్చాం అని. నేను చదివింది ఐదో తరగతి. మా బళ్ళో ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు. ఒకటి నుంచి రెండుకి వెళితే పాసయినట్టు. మరి ఒకేసారి మూడుకి వెళితే? నా కూతురు రెండు మెట్లు ఒక్క గెంతులో ఎక్కేసింది అనుకున్నాను. కొట్టు మూసేసి, బిస్కెట్ పొట్లాలు కొని, వీధి ఆ చివర నుంచి ఈ చివరిదాకా పంచాను. తాళాలు బాగుచేసే ఆయనకి ఇచ్చాను, ఇస్త్రీ బండి ఆయనకి ఇచ్చాను, ఆరేళ్ళుగా మనతో మాటల్లేని ఎదురింటివాళ్ళకి కూడా ఇచ్చాను. వాళ్ళు బిస్కెట్లు తీసుకుని మాట్లాడ్డం మొదలుపెట్టారు, అదింకో బాధ. సాయంత్రానికల్లా నీకు ఉత్తరం రాసి పడేశాను, మూడో బ్యాచ్ తల్లికి ముద్దులు, ఇంకొంచెం గట్టిగా పట్టుపట్టి నాలుగోదానికి కూడా వెళ్ళాలి అని.

నాలుగోదానికి వెళ్ళాలని రాశానమ్మా నీకు! ఆ ముక్క దగ్గర నువ్వు ఎంతసేపు ఆగిపోయావో.

అది ఎక్కడం కాదు, దిగడమని నాకు ఎలా తెలిసిందంటావా? నువ్వే చెప్పావు. ఎక్కడ చెప్పావో నీకు తెలుసు. ఇప్పుడు నీ ముఖం తెల్లబోయి ఉంటుంది. వద్దు, కంగారుపడకు, నేను ఒక్క రవ్వ కోపంగా లేను, సంతోషంగా ఉన్నానని మొదటే రాశాను కదా, అది మర్చిపోకుండా చదువు.

హాస్టల్లో చేరిన తొమ్మిది నెలల్లో నెలకో కట్ట పంపావు. విడి కాగితాల మీద రాసుకున్న నోట్సు, చేసిన మోడల్ పేపర్లు. నేను తట్టి, కుట్టి, అట్ట వేసి, వీపు మీద బంగారు రేకుతో డాక్టరమ్మ అని అచ్చు కొట్టి తిరిగి పంపాను. ఎనిమిది పుస్తకాలు, ఎనిమిది డాక్టరమ్మలు. మూడో బ్యాచ్ ఆనందంలో ఎనిమిదోదాని మీద పెద్ద సైజు అచ్చులు వాడాను. నువ్వు చదువుకునే బల్ల మీద అవన్నీ వరసగా నిలబడి, నువ్వు పుస్తకం తెరిచినప్పుడల్లా మెరుస్తూ నిన్నే చూస్తుంటాయని నాకు తట్టలేదు. మెరిస్తే బాగుంటుందనే అనుకున్నాను.

తొమ్మిదో కట్ట శనివారం వచ్చింది. సోమవారం పొద్దున్నే కూర్చున్నాను. వరస చూసుకుని, అంచులు సమంగా తట్టి, దబ్బనంతో కన్నాలు పొడిచి కుట్టేశాను. అట్ట వేయబోతుంటే మడతలత్త తొంగిచూసి పకపకా నవ్వింది. నలభయ్యేళ్ళుగా ఇదే పని చేసే మనిషి, గుండె బొమ్మని తలకిందులుగా కుట్టాడు, ఆ గుండెలో రక్తమంతా పైకి కారుతుంది కాబోలు అంది. చూస్తే నిజమే. నా కుడికన్ను చలవ. పని చెడిందే అని విసుక్కుంటూ కుట్టు విప్పాను. నా కన్ను బాగుండి ఉంటే, ఆ పేజీ సరిగ్గా పెట్టి ఉంటే...

రాయలేకపోయాను. లేచి వెళ్ళి పంపు దగ్గర మొహం కడుక్కుని వచ్చాను. మళ్ళీ మొదలుపెడతాను.

ఆ కాగితం తీసి తిప్పబోతే, కుట్టు పడే అంచులో, పుస్తకం కుట్టాక ఇంక ఏ మనిషి కంటా పడని ఆ అరంగుళంలో, పెన్సిలు అక్షరాలు. చీమతలకాయంత. నా దబ్బనం ఒక మాట మధ్యలోంచి పోయింది. ఆ మాట నాన్న.

బైండరు కూతురివి. ఆ అంచు సంగతి నీకు తెలిసినట్టు ఇంకే పిల్లకీ తెలియదు. మూడో తరగతిలో సున్నా వచ్చిన లెక్కల కాగితాన్ని నువ్వు ఎవరిదో బడి రిజిస్టర్లోకి దూర్చి, నాచేతే కుట్టించేశావు గుర్తుందా? అది ఇప్పటికీ ఏ బడి బీరువాలోనో భద్రంగా ఉండే ఉంటుంది. కుట్టు కిందికి పోయింది ఇంక లేనట్టే అని అప్పుడే కనిపెట్టావు. అది తలచుకుని పెళ్ళిళ్ళలో పేరంటాల్లో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

మడతలత్తని ఇంటికి పంపేశాను. తలుపు దగ్గరగా వేసి, కట్టంతా విప్పి నేలమీద పరిచి, భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. నూట నలభై కాగితాలు. నా సంగతి నీకు తెలుసు, నేను ఇన్నేళ్ళలో వేల పుస్తకాలు కుట్టాను, అన్నిటికీ మొదటి పేజీ, ఆఖరి పేజీ చదివాను, వరస సరిపోయిందా లేదా చూసుకోడానికి. ప్రపంచంలో కథలన్నీ ఎలా మొదలవుతాయో, ఎలా అయిపోతాయో నాకు తెలుసు అని గొప్పలు పోయేవాణ్ణి. మధ్యలో ఏం జరుగుతుందో ఎన్నడూ చదవలేదు. నా పని కాదనుకున్నాను. సోమవారమే మొదటిసారి ఒక పుస్తకం మధ్య పేజీలు చదివాను. అది నీది.

మళ్ళీ నలభై తప్పులు అని ఒకచోట రాశావు. ఐడీ కార్డుకి నీలం రిబ్బను తీసేసి పసుపుది ఇచ్చారు, భోజనాల దగ్గర అందరూ ముందు రిబ్బను చూసి తర్వాత మొహం చూస్తారు అని ఒకచోట. గుండెకి నాలుగు గదులట, నాకు ఒక్కటి చాలు, తలుపేసుకోడానికి అని ఆ బొమ్మ పక్కనే. నాన్న బిస్కెట్లు పంచాడట, మూడో బ్యాచ్ అంటే పైకెక్కడం అనుకున్నాడు, ఎలా చెప్పను, సంతోషంగా ఉన్నాడు అని ఒకచోట. ఆ కాగితం మీద పెన్సిలు రెండుమూడుసార్లు చెరిగి ఉంది. ఏం చెరిపావో భూతద్దానికి కూడా అందలేదు.

ఇక ఆ నాన్న అన్న మాట ఉన్న వాక్యం. దాన్ని నేను మళ్ళీ ఇక్కడ రాయాలి, రాయకపోతే చదవనట్టు నటించినవాణ్ణవుతాను. నాన్న కన్ను నా కోసం ఆగింది, ఈసారి కూడా నాకు సీటు రాకపోతే ఇంకో ఏడు ఆగుతుంది, నేనే లేకపోతే నాన్నకి ఈ ఎదురుచూడ్డం తప్పుతుంది అని రాశావు.

జిగురూ, నేను గొప్పగా రాసిన మాట నీకు ఎక్కడ దిగిందో చూశావా? నేను ఎద్దులా అరిచి చెప్పుకున్నాను వీధిలో, నా కూతురే నా కన్ను బాగుచేస్తుంది అని. ఆ బరువంతా తీసుకెళ్ళి పంతొమ్మిదేళ్ళ పిల్ల మెడలో, ఆ పసుపు రిబ్బను పక్కనే వేలాడదీశాను. నీ పుస్తకానికి కూడా మొదటి పేజీ, ఆఖరి పేజీ మాత్రమే చూశానమ్మా. మొదటి పేజీలో నువ్వు పుట్టావు. ఆఖరి పేజీలో డాక్టరమ్మ. మధ్యలో నిద్రలేని పేజీలు, తప్పుల పేజీలు, సిగ్గు పేజీలు అన్నీ గబగబా తిప్పేసి, వరస సరిపోయింది అనుకుని కుట్టేశాను. నీకు ఏం కావాలని అడిగానా? ఏడో తరగతిలో ఒకసారి నలుగురిలో అడిగాను. నువ్వు నోరు తెరిచేలోగా జవాబు కూడా నేనే చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు కూడా కొట్టావు, అది నాకు బాగా గుర్తు.

ఇప్పుడు కొన్ని కబుర్లు చెప్తాను, ఇవి పాత కబుర్లలాంటివి కాదు. నిన్న మధ్యాహ్నం కంటి డాక్టరుకి ఫోను చేశాను. వచ్చే నెల మొదటి వారం ఆపరేషను. చేసేది ఆయనే, నా మీద కేకలేసిన ఆయన. ఇప్పటికైనా బుద్ధొచ్చిందా, కూతురు ఒప్పుకుందా అన్నాడు. లేదండీ, కూతురికి నేను ఒప్పుకున్నాను అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, ఫర్వాలేదు. కాబట్టి నా కన్ను ఇంక ఎవరి కోసమూ ఆగి లేదు. అది నీ లెక్కలోంచి కొట్టెయ్యి. ఆపరేషను అయ్యాక కట్టు విప్పేదాకా చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి ఒకరు కావాలి, దానికి ఏ పరీక్షా పాసవనక్కర్లేదు.

తొమ్మిదో పుస్తకం మళ్ళీ కుట్టాను. ఈసారి ఆ అంచుని కుట్టు కిందికి పోనివ్వలేదు. అంచు అవతల సన్నటి కాగితం పట్టీలు అతికించి, ఆ పట్టీల మీద కుట్టాను. నువ్వు రాసినవన్నీ పైకే ఉన్నాయి, తెరిస్తే చదువుకోవచ్చు. రెండింతలు పని, మెడ పట్టేసింది, కానీ నా చేత్తో నీ మాటని ఇంకోసారి పొడవలేను. వీపు మీద అచ్చు కొట్టలేదు. ఖాళీగా ఉంది. బయల్దేరే ముందే కొట్లో డాక్టరమ్మ అచ్చుల్ని విడగొట్టి ఏ అక్షరాన్ని ఆ గడిలో పడేశాను. మిగతా ఎనిమిదింటి మీద బంగారం నువ్వు కావాలంటే గీకేసుకోవచ్చు, బ్లేడు ఏటవాలుగా పట్టి గీకితే గుడ్డ చిరగదు. ఉంచుకోవాలనుకుంటే ఉంచుకో. అది కూడా నేను చెప్పను.

పరీక్ష ఇంకా పదకొండు రోజులుంది. రాస్తానంటే రాయి, ఇంటి నుంచి వెళ్ళి రాయి, హాలు బయట నేను కూర్చుంటాను, ఎలా రాశావని అడగను, నోటికి ప్లాస్టరు వేసుకుని వస్తాను. రాయనంటే ఆ రోజు పొద్దెక్కేదాకా పడుకో. డాక్టరవ్వడం నీకు నిజంగానే ఇష్టమైతే అది కూడా చెప్పు, నా ఇష్టం, నీ ఇష్టం కలిసిపోయి అంటుకుపోయాయి, ఏది ఎవరిదో నాకు తెలియడం లేదు. తడిపి మెల్లిగా విడదీద్దాం. పాత పుస్తకాల అట్టలు ఎలా తీస్తామో తెలుసు కదా, లాగితే చిరుగుతాయి, తడిగుడ్డ పెట్టి ఆగాలి. మనకి కావలసినంత టైముంది. మంచి మాటకారి డాక్టరు ఎవరైనా ఉంటే, మనసు బరువు దింపే డాక్టరు, అక్కడికి కూడా వెళదాం. నా కంటికి ఒక డాక్టరు ఉన్నప్పుడు నీ బాధకి ఒకరు ఉంటే తప్పేముంది? అటు నీ డాక్టరు వాకిట్లో నేను కూర్చుంటాను, ఇటు నా డాక్టరు వాకిట్లో నువ్వు కూర్చో.

మూడో బ్యాచ్ సంగతి వీధిలో నేనే చెప్పేస్తాను. బిస్కెట్లు వెనక్కి అడుగుతారేమో, తినేశారు కదా, ఏం చేస్తారు!

చెయ్యి లాగుతోంది. పదిన్నర అయింది. నాలుగు టీలయ్యాయి. ఇంక నిలవలేను.

ఇట్లు,
పాకే రోజుల్లో నీ నడుముకి గుడ్డ కట్టి కటింగ్ మిషను దగ్గరికి పోకుండా బల్లకాలికి కట్టేసిన,
మీ నాన్న

తా.క. ఒట్టు నిలబెట్టుకుని ఇక్కడిదాకా వచ్చావా? ఇప్పుడు కవరు తిప్పి చూడు. స్టాంపు లేదు. ఈ ఉత్తరం పోస్టులో రాలేదు.

నేను మీ హాస్టలు గేటుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల, టీ బండి దగ్గర కుంటి బల్ల మీద ఉన్నాను. నిన్న పొద్దున్నే వచ్చేశాను. మీ ఆఫీసాయన, మోడల్ పరీక్షలు జరుగుతున్నాయి, రెండో ఆదివారం తప్ప తల్లిదండ్రుల్ని చూడనివ్వం అన్నాడు. గేటు కాసే అక్క మాత్రం నా మొహం చూసి ఏమీ అడక్కుండా పైకి వెళ్ళి నిన్ను చూసి వచ్చింది. మూడుసార్లు ఎక్కి దిగింది పాపం. రొట్టె తింటోంది అంది, చదువుకుంటోంది అంది, అదే గదిలో ఉండే ఇంకో పిల్ల పక్కనే ఉంది, నేను చెప్పాను కనిపెట్టుకుని ఉండమని అంది. అయినా నాకు నా కంటితో చూస్తే తప్ప నమ్మకం చిక్కలేదు. ఆ పొరకమ్మిన కన్నయినా సరే. లాడ్జిలో గది తీసుకున్నాను గానీ అందులో నా సంచే పడుకుంది. తొమ్మిదో పుస్తకం ఆ గదిలోనే కుట్టాను, దారం లాడ్జి కుర్రాడు ఎక్కించి పెట్టాడు, సూదీ దారం జేబులో లేకుండా నేనెప్పుడు బయల్దేరాను?

ఇవాళ పొద్దున్న ఆరూ నలభైకి మీరంతా వరసలో క్లాసులకి రోడ్డు దాటారు. నువ్వు పదిహేడోదానివి. తల తడిగా ఉంది. ఎడమ బూటు లేసు ఊడి వేలాడుతోంది. వెనకపిల్ల ఏదో అంది, నువ్వు గిరుక్కున తిరిగి దాన్ని తిట్టావు. తిట్టావమ్మా! ఆ తిట్టు ఇక్కడికి వినపడలేదు, మూతి చూసి పోల్చుకున్నాను, అచ్చం అమ్మ నన్ను తిట్టేటప్పటి మూతి. నిన్ను పిలుద్దామని లేచి, మళ్ళీ ఆగాను. నడిరోడ్డు మీద హఠాత్తుగా నన్ను చూస్తే అమ్మకేదో అయిందని హడలిపోయేదానివి. నువ్వు అవతలికి చేరేదాకా చూసి, ఈ బల్ల మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాను. టీ ఆయన భుజం తట్టి, ఎవరైనా పోయారా అన్నాడు. లేదయ్యా, ఉంది అన్నాను.

అదే ఆ సంతోషం. ర్యాంకు కాదు, మెసేజీ కాదు. నువ్వు ఉన్నావు. రోడ్డు దాటావు.

ఏడింటికి మళ్ళీ మీ ఆఫీసు తలుపు దగ్గర కూర్చున్నాను. లేవమన్నారు, లేవలేదు. చివరికి సెలవు కాగితం ఇచ్చారు. కారణం అన్న గడిలో తండ్రికి ఒంట్లో బాగాలేదు అని రాశాను. అబద్ధం కాదు.

ఇంకొకటి. అట్టల మీద వేసే కాలికో గుడ్డ కొనడానికి పొరుగూరు వెళుతున్నానని అమ్మకి చెప్పి బయల్దేరాను. ఇందాక తువ్వాలు కోసం సంచి తెరిస్తే అడుగున నీ పచ్చ స్వెట్టరు, నీ పాత చెప్పులు, నీ దువ్వెన ఉన్నాయి. బస్సు టైము కనుక్కోడానికి వెళ్ళినప్పుడు కాగితాలు కొట్లో అలాగే పరిచి వదిలేశాను. తిరిగొచ్చేసరికి భూతద్దం చోటు మారి ఉంది. నేనే పెట్టానేమో అనుకున్నాను. అమ్మ ఏమీ అడక్కుండా సంచి సర్ది నా చేతికిచ్చింది. త్వరగా రా అంది. ఎప్పుడు వస్తానన్నా నీ ఇష్టం అనే మనిషి.

పదకొండింటికి మీరు రొట్టె తినడానికి హాస్టలుకి వస్తారట, ఈ కవరు అప్పుడు నీ చేతిలో పెడతానని గేటక్క మాటిచ్చింది. చదివాక తల ఎత్తి ఎదురుగా చూడు. కూర్చుంటూ, లేస్తూ, తిరుగుతూ ఒక ముసలాయన కనబడతాడు. ఎదురుచూస్తున్నాను తల్లీ. నాకు తప్పించాలని చూశావే, ఆ ఎదురుచూడ్డమే. నాకు ఇది కావాలి. ఎన్నేళ్ళయినా కావాలి. దీన్ని నా దగ్గర్నుంచి తీసుకోకు.

పుస్తకాలేవీ తేవద్దు. ఆ బూటు లేసు కట్టుకుని రా.